చెవి దురదకు నూనె మందు కాదు

సిరిసిల్ల జిల్లా ఎల్లంతకుంట మండలంలో ఏ ఊరి అరుగు మీద కూర్చుని చెవిలో దురద పెడుతోందని చెప్పినా వచ్చే జవాబు ఒకటే. "గుబిలి వట్టింది, ఇంత నూనె గోరువెచ్చగ జేసి పోసుకో." నువ్వుల నూనె అంటారు కొందరు, కొబ్బరినూనె అంటారు మరికొందరు. అందులో రెండు ఎల్లిగడ్డ రెబ్బలు వేసి కాచమంటారు పెద్దలు. రెండు రోజుల్లో తగ్గకపోతే పిన్నీసో, అగ్గిపుల్లో, కోడి ఈకో చేతికొస్తుంది. చదువుకున్న ఇంట్లో అయితే దూదిపుల్ల. అప్పటికీ తగ్గకపోతే మెడికల్ షాపుకు పోయి చుక్కల మందు తెచ్చుకుంటారు. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో కూడా నడిచేది ఇదే. దీన్ని తప్పనేవాళ్లు అరుదు. నేను తప్పంటున్నాను. ఇందులో ఏ ఒక్క మెట్టూ సరైనది కాదు. ఆ దురద వెనక తరచూ ఉండే, రెండు మూడు వారాల్లో పోవాల్సిన చెవి బూజు మన దగ్గర ఏడాదికేడాది తిరగబెట్టడానికి చాలావరకు ఈ ఇంటి వైద్యమే కారణం.

తప్పంతా చూడకుండా వైద్యం చేసుకోవడం దగ్గర మొదలవుతుంది. చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న దారి పెద్దవాళ్లలో సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అది తిన్నగా ఉండదు, మెలిక తిరిగి ఉంటుంది. ఇంట్లో ఎవరో చెవి లాగి పట్టుకుని సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే ఆ మెలిక ఇవతల ఉన్నదే కనబడుతుంది. ఈఎన్‌టీ డాక్టరు సన్నని కెమెరా గొట్టం పెట్టి, పక్కనున్న తెర మీద చూపిస్తేనే అవతలి సంగతి తెలుస్తుంది. బూజు పట్టిన చెవిలో అక్కడ కనిపించేది గుబిలి కాదు. తడిసి ముద్దయిన న్యూస్‌పేపరును కుక్కినట్టు బూడిదరంగు పదార్థం గోడలకు అంటుకుని ఉంటుంది. దాని మీద తెల్లని పోగులు నిక్కబొడుచుకుని, ఒక్కొక్క పోగు కొసన నల్లని చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క నిండా బూజు బీజాలే. డాక్టరు సక్షన్ గొట్టంతో లాగితే ముద్ద పొరలు పొరలుగా ఊడివస్తుంది, మూసుకుపోయిన వినికిడి ఒక్కసారిగా తెరుచుకుంటుంది. కింద చర్మం మాత్రం ఎర్రగా కందిపోయి, గట్టిగా తాకితే రక్తం వచ్చేలా ఉంటుంది. అన్నాళ్లూ నూనె పోసిందీ, పుల్ల పెట్టి గీకిందీ ఆ చర్మం మీదనే.

ఆ నల్ల చుక్కల బూజు ఆస్పర్జిల్లస్ నైజర్. దాని దగ్గరి బంధువు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ పసుపుపచ్చగానో, ఆకుపచ్చగానో ఉంటుంది. పెరుగు తరకల్లా తెల్లగా కనిపించేది ఎక్కువగా కాండిడా. ఇవి ఎక్కడినుంచో వచ్చిన వింత తెగుళ్లు కావు. మన కల్లాల్లో మనకు రోజూ ఎదురయ్యేవే. ఎల్లంతకుంట మండలంలోని అనంతగిరి దగ్గర అన్నపూర్ణ రిజర్వాయర్‌లోకి 2020లో నీళ్లు చేరాయి. నీళ్లు వచ్చినకొద్దీ మండలంలో వరి పెరిగింది, కొనుగోలు కేంద్రాల ముందు వడ్ల కుప్పలు పెరిగాయి. అకాల వానకు తడిసి, పట్టా కింద ఉక్కపోసిన కుప్పను తిరగేస్తే లోపల బూజు కనబడుతుంది. సరిగ్గా ఎండని మక్కకంకుల మీద పచ్చగా పట్టేది ఫ్లేవస్ బూజే. మక్కల్లో, పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టించేది అదే. వడ్లు తూర్పారబట్టినప్పుడు, పాత గడ్డివాము కదిపినప్పుడు దాని బీజాలు గాలిలో లేస్తాయి. అవి ముక్కులో పడతాయి, చెవిలో పడతాయి. అందరి చెవుల్లోనూ పడతాయి, అందరికీ జబ్బు రాదు. ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అన్నదే అసలు ప్రశ్న. నూనె వైద్యం ఈ ప్రశ్న వేసుకోనే వేసుకోదు.

జవాబు గుబిలి దగ్గర ఉంది. మనం మురికి అనుకుని పీకి పారేసేది చెవికి కాపలా. చెవి దారిలో బయటి మూడోవంతులో మాత్రమే గుబిలి గ్రంథులు, సన్నని వెంట్రుకలు ఉంటాయి. గుబిలిలో కొవ్వు ఉంటుంది కాబట్టి నీటిని నిలవనివ్వదు. దానికి ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవులు తేలిగ్గా పెరగవు. లోపలి రెండు వంతుల దారి ఎముక మీద సాగుతుంది. అక్కడి చర్మం ఎంత పల్చన అంటే దాని కింద కొవ్వు పొర కూడా లేదు. పైగా చెవికి శరీరంలో మరెక్కడా లేని ఏర్పాటు ఒకటుంది. కర్ణభేరి మీద పుట్టిన చర్మకణాలు మెల్లగా బయటివైపు నడుస్తూ వస్తాయి. రోజుకు మిల్లీమీటరులో పదోవంతు లెక్కన, గోరు పెరిగినంత నిదానంగా, చనిపోయిన చర్మాన్నీ పాత గుబిలినీ అవే బయటికి తెచ్చి పడేస్తాయి. అన్నం నమిలేటప్పుడు దవడ కదలిక కూడా దీనికి సాయం. ఎవరూ వేలు పెట్టకపోయినా చెవి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. దూదిపుల్ల పెట్టినవాడు ఆ నడకకు ఎదురు తోస్తున్నాడు. బయటికి రావాల్సిన దాన్ని లోపలికి కూరి, కాపలాగా ఉన్న గుబిలిని తుడిచేసి, పల్చని చర్మం మీద కంటికి కనబడని గీతలు పెడుతున్నాడు. ఆ గీతలోకి నీరు చేరితే, దాని మీద ఒక బీజం పడితే చాలు.

అందుకే ఇది మురికి మనుషులకు వచ్చే జబ్బు అన్న మాట అన్యాయం. చెవులను మరీ ఎక్కువ శుభ్రం చేసుకునేవాళ్లకే ఇది ఎక్కువగా వస్తుంది. బాయిలో ఈతకొట్టిన పిల్లలందరికీ, వేములవాడ ధర్మగుండంలో మునిగిన భక్తులందరికీ చెవుల్లో బూజు పట్టడం లేదు. నీళ్లు పడ్డాయని ఒడ్డుకొచ్చి తువ్వాల కొస మెలిపెట్టి లోపలిదాకా తిప్పినవాడికి పడుతుంది, అది చాలదని నూనె కూడా పోసుకున్నవాడికి పడుతుంది.

నూనె పక్షాన వాదించేవాళ్ల మాటల్లో నిజం లేకపోలేదు. చెవిలో చీమో, చిన్న పురుగో దూరి కొట్టుకుంటుంటే రెండు చుక్కల నూనె వేసి దాన్ని చంపడం ఇవాళ్టి వైద్యులూ ఒప్పుకునే ప్రథమ చికిత్సే, కర్ణభేరికి చిల్లు లేనంతవరకు. గుబిలి నిజంగానే గట్టిపడి చెవి మూసుకుపోతే దాన్ని మెత్తబరచడానికి బ్రిటన్‌లో ఆలివ్ నూనె చుక్కలు సిఫారసు చేస్తారు. కొబ్బరినూనెలోని కొన్ని ఆమ్లాలు ప్రయోగశాలలో గాజు పాత్రల్లో బూజును అణిచినట్టు పరీక్షలూ ఉన్నాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. వీటిలో ఏదీ దురదపెట్టే, తడిగా ఉన్న, రంగు తెలియని నీరు కారే చెవికి వర్తించదు. గాజు పాత్రలో బూజు మీద మందు సూటిగా పడుతుంది. చెవిలో ఆ ముద్ద కిందికి నూనె దిగదు, పైన తేలి, గాలి ఆడకుండా చేసి, లోపలి తేమను లోపలే బంధిస్తుంది. వెచ్చదనం, చీకటి, తేమ, తిండికి చచ్చిన చర్మం, వీటికి మించి బూజుకు కావలసింది ఏమీ లేదు. మన దేశంలోని ఈఎన్‌టీ విభాగాలు చెవి బూజు రోగుల వివరాలు రాసుకున్న చాలాచోట్ల చెవిలో నూనె పోసుకునే అలవాటు, పుల్లలు పెట్టుకునే అలవాటు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

"మన పెద్దలు చెప్పింది తప్పా?" అని అడుగుతారు. ఏ పెద్దలు చెప్పారో చూడాలి. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం చెవి రోగాలను 28 రకాలుగా విడదీసింది. దురదను ఒకటిగా, చెవి కారడాన్ని ఇంకొకటిగా, గుబిలి గడ్డకట్టడాన్ని వేరొకటిగా, పురుగు పట్టడాన్ని మరొకటిగా లెక్కపెట్టింది. రోగాన్ని బట్టి చికిత్స వేరని ఒప్పుకున్నందుకే కదా ఆ విభజన! అన్నిటికీ ఒకే నూనె గిన్నె పట్టుకు తిరిగే మన అరుగు వైద్యానికి ఆ గ్రంథం పేరు వాడుకునే హక్కు లేదు. తాత పోసుకున్నాడు, ఆయనకేం కాలేదు అంటారు. తాతకు ముసలితనంలో ఎంత వినబడేదో ఎవరూ చెప్పరు. ముసలితనం కదా అని సర్దుకున్నారు.

నూనె కంటే మొండి నమ్మకం చుక్కల మందు మీదిది, ఎందుకంటే దానికి సీసా ఉంది, లేబుల్ ఉంది. సాయంత్రం పూట ఏ మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడ్డా ఈ మాట వినబడుతుంది. "తమ్మీ, చెవుల దురద వెడుతుంది, జర చుక్కల మందు ఇయ్యి." తమ్ముడు చెవి వైపు చూడడు, ఎన్నాళ్ల నుంచి అని అడగడు, షుగర్ ఉందా అని అసలే అడగడు. అలవాటు కొద్దీ చేయి వెనక అరలోకి వెళ్లి సీసా తీస్తుంది. దానిలో ఉండేది చాలాసార్లు బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్, వాపు తగ్గించే స్టెరాయిడ్. బూజు బాక్టీరియా కాదు. యాంటీబయాటిక్ దాన్ని తాకదు, పైగా చెవిలో దానితో చోటుకు పోటీపడే బాక్టీరియాను చంపి దారి సాఫు చేస్తుంది. స్టెరాయిడ్ దురదను రెండు రోజులు నొక్కిపెడుతుంది, అదే సమయంలో అక్కడి చర్మం చేసే ప్రతిఘటననూ తగ్గిస్తుంది. రోగి "మందు మంచిగ పనిజేసింది" అంటాడు. సీసా అయిపోయాక మళ్లీ దురద, మళ్లీ అదే సీసా. ఇలా మూడు నాలుగు సీసాలు వాడాక ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లు ప్రతి ఓపీలోనూ ఉంటారు.

యాంటీబయాటిక్, స్టెరాయిడ్, బూజు మందు, మత్తు మందు నాలుగూ కలిపిన సీసాలు కూడా దొరుకుతాయి. అందులో బూజు మందు ఉంది కదా అనేవాళ్లకు నా జవాబు ఇది. ముద్ద తీయకుండా ఎన్ని చుక్కలు వేసినా మందు ముద్ద పైననే ఆగుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. కర్ణభేరికి చిల్లుందో లేదో చూడనివాళ్లు ఏ చుక్కా ఇవ్వకూడదు. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి మందులు చిల్లు గుండా లోపలి చెవికి చేరితే అక్కడి వినికిడి కణాలను దెబ్బతీయగలవు. అలా పోయిన వినికిడి తిరిగి రాదు. దుకాణంలో, ఆర్‌ఎంపీ బల్ల దగ్గర ఇచ్చే సీసాతో ఈ ప్రమాదం కూడా చేతికొస్తుంది. ఇక హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, బుసబుసా నురగ రావడం చూసి మురికంతా కక్కుతోందని సంతోషపడే పద్ధతి ఉంది. నురగ రావడం ఆ రసాయన గుణం, పుండు మీద పోసినా అలాగే వస్తుంది. చివరికి చెవిలో మిగిలేది నీరు.

సిరిసిల్ల సాంచాల కార్ఖానాల్లో చెవి బూజు ఇంకో రకంగా కనబడుతుంది. మరమగ్గాల మధ్య చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. మన ఫ్యాక్టరీల నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి పెట్టిన హద్దు అది. ఇక్కడ షిఫ్టు పన్నెండు గంటలు. చప్పుడు ఆపడానికి చెవిలో దూదో, చేతికందిన నూలు పోగుల ఉండో కుక్కుకుంటారు. ఉక్కపోతకు చెమట కారి ఆ ఉండ తడుస్తుంది, దాని మీద పత్తి దుమ్ము పేరుకుంటుంది. అదే ఉండ మరునాడు మళ్లీ చెవిలోకి పోతుంది. కొన్నాళ్లకు చెవి దిమ్మెక్కి, సరిగా వినబడకపోతే "సాంచాల మీద పనిచేస్తే గంతే" అని ఊరుకుంటారు. చప్పుడుకు పోయిన వినికిడి తిరిగిరాదు, నిజమే. బూజు ముద్ద అడ్డుపడి తగ్గిన వినికిడి అరగంటలో తిరిగొస్తుంది. రెండింటికీ తేడా తెలుసుకోకుండా "గంతే" అనుకోవడం వల్ల బాగుచేయగల చెవి కూడా బాగుకాకుండా పోతోంది. కోరుట్ల, జగిత్యాల ఊళ్లనుంచి గల్ఫ్ పోయినవాళ్ల సంగతీ దీనికి దూరం కాదు. దుబాయి ఎండలో, సముద్రపు గాలి ఉక్కలో తలకు హెల్మెట్, చెవిలో ప్లగ్గు. రాత్రి గదికొచ్చాక ఇంటితో మాట్లాడడానికి గంటలకొద్దీ ఇయర్‌ఫోన్లు. ఒకరి ఇయర్‌ఫోన్ ఇంకొకరు వాడడం మామూలే. చెవికి గాలి తగిలే సమయమే ఉండదు.

చిన్న జబ్బే, దానంతటదే పోతుందనే నమ్మకం ఒకవైపు ఉంటే, దానికి ఎదురుగా ఇంకో భయం ఉంది. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను అంటువ్యాధుల చట్టం కింద నోటిఫై చేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. ఆ రోజులు గుర్తున్నవాళ్లు చెవిలో నల్లబూజు అనగానే వణికిపోతారు. అది మ్యూకార్‌మైకోసిస్, వేరే బూజు. ముక్కు పక్కల గాలి గదుల్లోంచి కంటికి, మెదడుకు పాకేది. చెవి దారిలోని నల్ల చుక్కల ఆస్పర్జిల్లస్ మామూలు ఆరోగ్యమున్న మనిషిలో చర్మం పైపొర దాటదు. అంత భయం అక్కర్లేదు. షుగర్ అదుపులో లేనివాళ్ల మాట మాత్రం వేరు. వాళ్లకు చెవి దారి నుంచి ఇన్‌ఫెక్షన్ పుర్రె అడుగు ఎముకలోకి దిగగలదు. ఎక్కువగా సూడోమొనాస్ అనే బాక్టీరియా వల్ల, కొన్నిసార్లు ఆస్పర్జిల్లస్ వల్ల కూడా. రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని నొప్పి, ఆగకుండా కారే చీము, ఒకవైపు ముఖం వంకర పోవడం, వీటిలో ఏది కనిపించినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. "షుగర్ ఉన్నోళ్లకు పుండ్లు మానవు" అని కాలి వేలి గురించి అందరికీ తెలుసు. చెవి గురించి ఎవరూ చెప్పలేదు.

మరి ఏం చేయాలి? చేయాల్సింది తక్కువే, కష్టమంతా మానుకోవాల్సిన దాంట్లో ఉంది. చెవిలో దురద, బరువు, కొంచెం వినబడకపోవడం, నీరు కారడం ఉంటే ముందు చూడగలిగినవాళ్ల చేత చూపించుకోవాలి. ముద్దను సక్షన్‌తోనో, పుల్లకు చుట్టిన పొడి దూదితోనో తీయించాలి. తీసేది డాక్టరు, కంటికి కనబడుతుండగా. సిరంజితో నీళ్లు కొట్టించడం బూజు చెవికి పనికిరాదు. ఆ తర్వాతే బూజు మందు. మన దగ్గర ఎక్కువగా వాడేది ఒక శాతం క్లోట్రిమజోల్ చుక్కలు, అది ఖరీదైన మందు కాదు. పడుకుని, చెవి పైకి పెట్టి, చుక్కలు వేసుకుని కాసేపు అలాగే ఉండాలి. దురద మూడోరోజుకే పోతుంది. మన జనం సీసా పక్కనపడేసేది ఆ మూడోరోజే. బీజాలు అప్పటికింకా చర్మం ముడతల్లో ఉంటాయి. డాక్టరు రెండు వారాలంటే రెండు వారాలు, మూడంటే మూడు. ఆ తర్వాత మళ్లీ ఒకసారి చూపించుకోవాలి, ఎందుకంటే ఒక్కసారి శుభ్రం చేస్తే చాలని చెవి ప్రతిసారీ హామీ ఇవ్వదు. స్నానం చేసేటప్పుడు వాజిలిన్ రాసిన దూదిని చెవి గుమ్మం దగ్గర పెట్టుకుని, స్నానం కాగానే తీసేయాలి. నీళ్లు పడితే తల వంచి కారనిచ్చి, బయట చెవి డొప్పను తుడవాలి, అంతే. లోపలికి తువ్వాల కొస కూడా పోకూడదు. మాటిమాటికీ తిరగబెడుతుంటే షుగర్ పరీక్ష చేయించుకోవాలి, తలలో చుండ్రు, కాలివేళ్ల మధ్య పాసిన చర్మం ఉన్నాయేమో చూపించుకోవాలి.

"గింత దానికి కరీంనగర్ పోవాల్నా?" అన్న ప్రశ్న ఒకప్పుడు న్యాయమైనది. రోజు కూలి పోయి, బస్సు ఖర్చు పెట్టి, డాక్టరు ఫీజు కట్టడం కంటే నూనె గిన్నె దగ్గర కాబట్టి మనవాళ్లు నూనె గిన్నెనే నమ్ముకున్నారు. దాన్ని మూర్ఖత్వం అనను. ఇప్పుడు పరిస్థితి మారింది. జగిత్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో, సిరిసిల్లలో 2023లో మొదలయ్యాయి. మెడికల్ కాలేజీ అన్నాక ఈఎన్‌టీ విభాగం ఉండి తీరాలి. ఎల్లంతకుంట నుంచి సిరిసిల్ల రాకపోకలు ఒక పూట పని. ఆ ఓపీ చీటీకి పెట్టే పూట, ఏడాది పొడుగునా కొనే చుక్కల సీసాల కంటే చవక.

ఆ పూట కూడా దొరకనివాళ్ల కోసం ప్రభుత్వాన్ని అడగాల్సింది ఉంది. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లు చూసింది, అద్దాలు ఇచ్చింది. చెవుడు నివారణకు కేంద్రం 2007లోనే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది, దాని పేరు విన్నవాళ్లు మన పల్లెల్లో ఎవరూ కనబడరు. చెవికి కంటి శిబిరమంత ఏర్పాటు కూడా అక్కర్లేదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెవి చూసే ఓటోస్కోప్ ఒకటి, దాన్ని వాడడం తెలిసిన మెడికల్ ఆఫీసరు ఒకరు, బీపీ, షుగర్ పరీక్షకు ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తల నోట "చెవిల నూనె పొయ్యకుండ్రి" అన్న ఒక్క మాట ఉంటే చాలు. సాంచాల కార్ఖానాలకు నెలకో రోజు సిరిసిల్ల కాలేజీ నుంచి ఈఎన్‌టీ వైద్యులు వచ్చి, షిఫ్టు మారే వేళ చెవులు చూసి, చప్పుడుకు చెడిందేదో బూజుకు మూసుకున్నదేదో అక్కడికక్కడే తేల్చి చెప్పాలి. సాంచాలు నడిపించే ఆసాములు నూలు ఉండలకు బదులు కడుక్కోగల ప్లగ్గులు కొనివ్వాలి, ఒక్కొక్కరికి ఒక్కో జత, ఒకరిది ఇంకొకరు పెట్టుకోకుండా.